మూడు కార్డులు పోయిన జాబితా

కంప్యూటరు ప్రోగ్రాం కార్డుల పెట్టెలకెల్లి ఆత్మారాం మూడు కార్డులు తీసి అంగీ జేబుల వేసుకున్నడు. మిగిలినవాటిని పేకముక్కల తీరు కలిపి, మళ్ల సక్కగ సర్ది, హైదరాబాద్ బస్సుకిచ్చి పంపిండు.

ఆత్మారాం పుట్టుదొంగ కాదు. బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీల క్లర్కు. ఏ రైతు చెరుకు ఏ దినం నరకాలె అనే జాబితా పద్దెనిమిదేండ్ల సంది ఆయనే రాస్తున్నడు. గీతలు గీసి, ఊర్ల పేర్లు ఎర్ర సిరాతోని పెట్టి, ఎంత ముచ్చటగ రాస్తుండెనో. తన జాబితా లేకుంటే మిల్లు ఒక్క పూట నడవదని ఇంట్ల రేణుకమ్మకు చెప్పి చెప్పి ఆమె చెవులు తూట్లు పొడిచిండు.

డెబ్బై నాలుగుల హైదరాబాదుల కంప్యూటరు దిగింది. ఈడికెల్లి బొక్కల కార్డులు పోతే ఆడికెల్లి జాబితా అచ్చయి వస్తది. ఆ ప్రోగ్రాం డిజైను ఎట్లున్నదో పరీక్ష చేసెటందుకు రామకోటేశ్వరరావు అనే ఇంజినీరు వచ్చిండు. ఆయన బాగున్నదని సంతకం పెడితే ఆత్మారాంను గోనెసంచుల గోదాముకు తోలుతరు. ఆత్మారాం కడుపు మండిపోయింది.

మూడు కార్డులు పోయిన దెబ్బకు వచ్చిన జాబితా చూసి ఆత్మారాంకు పాణం లేసొచ్చింది. ఒక్కటే చేను మూడు దినాలు నరకాలెనట. నవీపేట బండ్లు రుద్రూరుకు, రుద్రూరు బండ్లు నవీపేటకు పోవాలెనట. మంగళవారం నాడైతే మేనేజరు బంగ్లా ముందటి పూలతోట నరకాలె. దాన్ని ఉన్నదున్నట్టు చేన్లకు పంపి, ఇగ చూడున్రి తమాషా అనుకుంట కాళ్లు జాపుకొని కూసున్నడు.

రామకోటేశ్వరరావు జాబితాను ముట్టనే లేదు.

"డిజైను బాగోగులు కాగితం మీద తెలియవండీ. పని ఎక్కడా ఆగకపోతే అదే మంచి డిజైను," అన్నడు. గొడుగేసుకొని వారం దినాలు చేన్ల పొంటి తిరిగిండు.

పని ఏడ ఆగింది? బండ్లు వరుసగ గేటు కాడికొచ్చినయి. మిల్లు ఒక్క గడియ నిలవలే. ఇంత మంచి డిజైను తన సర్వీసుల చూడలేదని ఇంజినీరు రిపోర్టు రాయవట్టిండు.

ఆత్మారాంకు తిక్క లేసింది. గోదాముకు పోతే పోయె, పూలతోట నరకమన్న యంత్రానికి మెచ్చుకోళ్లా? కార్డులు తీసి ఇంజినీరు టేబుల్ మీద కొట్టిండు.

"దొంగతనం చేసింది నేనే సార్. అది తప్పుడు జాబితా. దాంతోని పని ఎట్ల నడిచిందో అడుగున్రి."

ఇంజినీరు మొఖం మాడిపోయింది. చెరుకు నరికే ముఠాల పెద్ద తుకారాంను పిలిపించిండు. ఏటా నాందేడ్ దిక్కుకెల్లి వచ్చే మనిషి. జాబితా చేతికిచ్చి, దీని ప్రకారమే నరికినవా అని అడిగితే, తుకారాం దాన్ని తిప్పి తిప్పి చూసిండు.

"గీ కాయిదమా సాబ్? రోజు దీంట్ల తంబాకు కట్టుకుంటం. ఎడ్లకు నీళ్లు ఏడ దగ్గరుంటే ఆడ నరుకుతం, ఆత్మారాం సాబ్ రాసినన్నేండ్లు సుత గంతే."