థెల్మా కుర్చీ

ఖాళీ కుర్చీ వీపుకి తెల్ల అట్టముక్క వేలాడుతోంది. పేరు ఇంకా రాయలేదు.

వర్జీనియాలో రసెల్ ఇంటి పెరట్లో ఏటా జులైలో లోజ్బాన్ అనే కల్పిత భాష వాళ్లు కూడతారు. తర్కానికి తప్ప దేనికీ తలవంచని భాషని నిలబెట్టాలని వాళ్ల పంతం. ఆ భాషలోకి మార్చుకున్న పేరు రాసిన అట్ట అందరి మెడల్లోనూ ఉంటుంది.

ఏళ్ల తరబడి వాళ్లకి వండి వార్చిన రసెల్ భార్య థెల్మా ఏప్రిల్లో పోయింది.

ఖాళీ అట్ట మీద ఆమె పేరు రాసి, తలుచుకుని భోజనానికి కూర్చోవాలి. అంతే పని.

"థ అక్షరం మన భాషలో లేదు. టెల్మాస్ అందాం," అన్నాడు ఇర్విన్.

"సెల్మాన్ నయం," అంది కార్లిస్.

"పోయినదాని పేరుకి తోకలు అతికిస్తారేంటయ్యా!" సలాడ్ మీద ఈగలు తోలుతూ కూర్చున్న థెల్మా చెల్లెలు నడీన్ కసిరింది.

"నియమం, నడీన్ గారూ. చివర హల్లు లేకపోతే అది పేరే కాదు," అన్నాడు ఇర్విన్.

"నా పేరుకి ఉందిగా. ముందే చెబితే దాని బదులు నేనే పోయేదాన్ని."



మట్టి చేసి వచ్చిన్నాటి నుంచీ రసెల్ నోట ఆ పేరు రాలేదు. 'మీ అక్క' అంటాడు, అంతే. ఒక్కసారి వినిపోదామని నడీన్ ఒహాయో నుంచి వచ్చింది. సాయంత్రమే తిరుగు రైలు.

"నీ పెళ్లాం పేరు, బావా. నువ్వు చెప్పు."

రసెల్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "మీ అక్క ఏ పేరూ ఎంచుకోలేదు. అడిగినప్పుడల్లా, గిన్నెలు కడిగాక చూద్దాం అనేది."

"పేరు ఎవరిదో వాళ్ల మాటే ఖాయం, అదీ మన పద్ధతి. ఆవిణ్ణే అడిగితే..." కార్లిస్ నాలిక్కరుచుకుంది.

"అయితే ఓటు," అన్నాడు ఇర్విన్.

చేతులు లేచాయి. చెరిసగం. మళ్లీ మొదటికొచ్చింది.

నడీన్ గరిటెని సలాడ్‌లోకి విసిరికొట్టింది.

గొడవ భరించలేక రసెల్ నిమ్మరసం కూజా అందుకున్నాడు. పక్కన ఐసు గిన్నె ఖాళీ. వంటింటి కిటికీ వైపు తిరిగాడు.

"థెల్మా! ఐసు అయిపోయింది!"



కూజా రసెల్ చేతిలో అలాగే ఉండిపోయింది.

ఎవరు ఏ పేరు తప్పు పలికినా వదలని ఇర్విన్, అట్ట మీద రాయడానికి తీసిన పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.

"తెస్తున్నా," అంటూ నడీన్ లేచింది.