వెనక ఫొటో

ప్రతిభా దినోత్సవానికి కుటుంబాలన్నీ బడికొచ్చాయి. ఏటా ఫస్టొచ్చిన పిల్ల ఫొటో వరండాలో ఉన్న ఒకే ఒక్క ఫ్రేములోకి ఎక్కుతుంది. పాతది తీయరు, దాని మీదే కొత్తది పెట్టి బిగించేస్తారు.

ఏటా వచ్చి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టే ఒకావిడ ఈ ఏడూ వచ్చింది.

ఈసారి ఫ్రేము వెనక మూత పడలేదు. "ఇన్ని కుక్కితే ఎలా పడుతుంది, నా మొహం!" అని విసుక్కుంటూ అటెండరు పాతవన్నీ బయటికి లాగాడు.

"బాబూ, అన్నిటికన్నా వెనకది మా అమ్మాయిది. నాకిచ్చెయ్యవా?" అందావిడ.

అది ముందుదానికి అతుక్కుపోయి ఉంది. లాగితే ముఖమంతా ఊడిపోయి తెల్ల అట్ట మిగిలింది.

"ప్చ్! పోన్లెండమ్మా. అమ్మాయిని స్టూడియోకి తీసుకెళ్లి ఇంకోటి తీయించుకోండి."

ఆవిడ ఆ తెల్ల అట్టనే సంచిలో పెట్టుకుంది.

"పిల్లే ఉంటే తీయించుకునేదాన్నే, నాయనా."