వల బాగుచేసే మాట

"వాణ్ని సంఘంలోంచి వెలివేయాల్సిందే!" సంఘపెద్ద బల్ల గుద్దాడు. టీ గ్లాసులు ఎగిరిపడ్డాయి.

వాడంటే చర్చి గంట కొట్టేవాడు. తప్పతాగి, ఒడ్డునున్న పడవొకటి తీసుకెళ్లి బండకేసి కొట్టాడు. పడవ రెండు ముక్కలైంది. ఇప్పుడు గుమ్మం దగ్గర తల వేలాడేసుకుని కూర్చున్నాడు. చర్చి తప్ప వాడికి వేరే దిక్కు లేదు.

పాస్టరుగారు ఆ సంఘానికి వచ్చి మూడు రోజులే అయింది. ఎవరు ఎవరో ఇంకా తెలియదు. తెలిసిందల్లా బైబిలు రాసిన గ్రీకు భాష.

"తప్పులో చిక్కుకున్నవాణ్ని మృదువుగా సరిచేయమనే కదండీ గలతీయులకు పౌలు రాసింది?" అన్నాడాయన.

"మేం చేసేదీ అదే. మెడపట్టి గెంటితే వాడే సరవుతాడు. ఆ పడవనే నమ్ముకున్న ఇల్లు ఏమైపోవాలండీ?"

పాస్టరుగారు గ్రీకు పుస్తకం తెరిచాడు. "సరిచేయమనడానికి పౌలు వాడిన మాట కతార్తిజో. సువార్తలోనూ ఈ మాటే ఉంది. యాకోబు, యోహాను పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారే, అక్కడ."

సంఘపెద్దకు నవ్వొచ్చింది. "వలల సంగతి మాకా చెప్పడం? తాతకు దగ్గులు నేర్పినట్టుంది అయ్యగారూ! చివికిన పోగుల్ని కోసి పారేస్తాం. వీణ్నీ అంతే."

గదిలో సగం తలలు ఊగాయి. పాస్టరుగారు పుస్తకంలోకి చూశాడు. వల ఎలా బాగుచేస్తారో ఆయన జన్మలో చూడలేదు.

వెనక బెంచీలోంచి ఒకామె లేచింది. ఆమె వేళ్ల నిండా దారం కోసిన గాట్లు.

"కోస్తాం, నిజమే. ఎందాకా కోస్తాం పెద్దయ్యా?"

"చిరగని గట్టి వలకన్ను తగిలేదాకా."

"తగిలాక?"

పెద్దాయన టీ గ్లాసు అందుకున్నాడు. ఆమే చెప్పింది.

"ఆ గట్టి కన్నుకే కొత్త దారం ముడేసి అల్లుకొస్తాం. చిరిగిందని వలనెవరూ గట్టున పారేయరు. గట్టి కన్నులన్నీ మాకేం పట్టిందని ఊరుకుంటే చిరుగు పెరుగుతుంది. చేపలన్నీ అందులోంచే పోతాయి."

"నువ్వా ఈ మాట అంటున్నావు?" సంఘపెద్ద నోరు తెరిచాడు.

"నేనే. రేపట్నుంచి వాడు నా పక్కన కూర్చుని వలలు బాగుచేస్తాడు. తాగొచ్చాడో, మృదువుగానే తోలు తీస్తాను."

ఎవరో కిసుక్కుమన్నారు. సరేనన్నట్టు ఒక చెయ్యి లేచింది. తర్వాత బెంచీలకు బెంచీలే లేచాయి. ఆఖరికి సంఘపెద్ద కూడా చెయ్యెత్తాడు. గుమ్మం దగ్గర వాడు బావురుమన్నాడు.

పాస్టరుగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గబగబా ఆమె దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

"ఇన్నేళ్లు గ్రీకు చదివినా ఆ మాట నాకు ఇవాళే అర్థమైందమ్మా! కన్నతల్లి మనసంటే ఇదీ!"

"తల్లినా?" ఆమె నవ్వింది. "నేను వాడికి ఏమీ కాను అయ్యగారూ. వాడు బండకేసి కొట్టింది నా పడవనే."