కాలవలో రుబ్బురోలు

“దొరికేసిందండి రాజుగారూ, మా రోలు.”

పీకల్లోతు కాలవలో నిలబడి కేకేశాడు బుల్లియ్య. గేదెని కడుగుతుంటే కాలికేదో తగిలింది. ములిగి తడిమితే, మొన్న పెరట్లోంచి మాయమైపోయిన సొంత రుబ్బురోలు. నీళ్ళలోనే గుండెలకెత్తుకున్నాడు. పసిపిల్లలా వచ్చేసింది.

గట్టుమీద సైకిలాపిన పల్లంరాజు, “ఒక్కడివే ఎత్తేవేంట్రా?” అన్నాడు.

“ఇదీ ఒక బరువేనాండి? ఇలాగే ఇంటిదాకా మోసుకుపోతాను. మధ్యలో దింపితే ఈ మీసం తీయించేస్తానండి, ఆయ్.”

ఆ మీసం సామాన్యమైంది కాదు. దాని కొసన పిచ్చుక గూడు కట్టుకుంటే, పిల్లలు ఎగిరిపోయేదాకా మనిషి తల తిప్పలేదని చెప్పుకుంటారు. మాట బయటపడేసరికి రేవు నిండా జనం.

బుల్లియ్య రెండడుగులు వేశాడు. నీళ్ళు గుండెల్లోతుకొచ్చాయి. రోలు అంచు నీళ్ళపైకొచ్చింది. చేతులు జివ్వుమన్నాయి. ఇంకో అడుగుకి నడుం పట్టేసింది. గబుక్కున వెనక్కి, లోతులోకి నడిచాడు. రోలు మళ్ళీ పసిపిల్లయిపోయింది.

“అదేంట్రా, వెనక్కెళ్తున్నావు?”

“చల్లగా ఉందండి. కాసేపుండి వస్తాను.”

ఉండటానికి నీళ్ళుండాలి కదా. వేసంకాలం, పొద్దున్నే లాకులు దించి కాలవ కట్టేశారు. నీళ్ళు చంకల కిందకి దిగాయి. బుల్లియ్య మోకాళ్ళు వంచాడు. ఇంకాస్త దిగాయి. ఇంకాస్త వంచాడు. ఆఖరికి బురదలో బాసింపట్టు వేసుకుని, గడ్డందాకా ములిగి, రోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఒరేయ్, ఇందాకట్నుంచీ సగం మోస్తోంది కాలవరా. అది పోయాక మిగిలింది నువ్వే. మంగలికి కబురెట్టమంటావా?” అన్నాడు పల్లంరాజు.

బుల్లియ్య ఓ చేత్తో మీసం తడుముకున్నాడు. మీసం పోతే కాకా హోటల్లో ఏ మొహంతో కూర్చోటం? ఆ ఉడుకంతా దొంగమీదికి మళ్ళింది.

“ఇక్కడ పడేసినోళ్ళు దొరకాలండి, నడుం ఇరగ్గొట్టేస్తాను. వస్తాదులు నలుగురైనా కలిసి మోసుంటారు.”

“పోతే పోయిందిలేరా. నువ్వేమన్నా రుబ్బుతావా?”

“రోజూ సాయంత్రం అయ్యేసరికి మా బేచ్ అందరికీ గారెలుండాలండి. మా ఆవిడదేముంది, కూర్చుని తిప్పడమేగా.”

నీళ్ళు మోకాళ్ళ కిందకి జారిపోయాయి. దాక్కోడానికి ఇంక కాలవ లేదు. బుల్లియ్య పళ్ళు బిగించి లేవబోయాడు. రోలు లేవలేదు. మనిషే వెల్లకిలా పడ్డాడు. రేవంతా ఈలలు.

మొగుడి మీసం సంగతి ఎవరు చేరేశారో, అచ్చాయమ్మ జనాన్ని తోసుకుంటూ కాలవలోకి దిగింది. కుచ్చిళ్ళు ఎగదోపుకుంది.

“నువ్వెందుకే ఇక్కడ? మగాళ్ళకే లేవట్లేదిది,” అన్నాడు బుల్లియ్య.

ఆవిడ వంగి రోలు కింద చేతులు పెట్టింది. “కాస్త జరగండి,” అంది.

“మొన్న తెచ్చి పడేసింది నేనేగా.”