నరమామిడి పట్ట

సామ్రాజ్యం, అది నరమామిడే! ముష్టి చెట్టు పట్ట కాదు, విషం కాదు! రేపటిదాకా ఆగలేక ఇప్పుడే నీకీ ఉత్తరం రాస్తున్నా.

ఆ రోజు నీ విరేచనాలకు నేను కషాయం కాచిన పట్టలో మిగిలితే ఇన్నేళ్లూ దాచిన ముక్కను మన నీహారిక తన కాలేజీకి పట్టుకెళ్లింది. సన్నగా కోసి మైక్రోస్కోపులో చూస్తే నూనె గదులు కనిపించాయట. వినగడప ఊళ్లోని నరమామిడి చెట్టు పట్టతో పోల్చినా సరిపోయిందట.

తిరువూరు బస్టాండులో దిగుతూనే చెప్పింది.

"ముష్టి పట్టలో ఆ నూనె గదులుండవు నాన్నా."

"సరిగ్గా చూశావా అమ్మా?"

"మూడుసార్లు చూశా. ఏడుపు ఆపు, జనం చూస్తున్నారు. ఇంటికెళ్లి టీ పెట్టు."

పందొమ్మిదేళ్లుగా నేను కాచింది ఏదీ నోట పెట్టని పిల్ల, ఇవాళ గ్లాసెడు టీ తాగింది!

నన్ను నేనే నమ్మలేదు. "ఇంత వగరేంటండీ" అన్న నీ చివరి మాట రోజూ వినిపించేది. నిన్ను తీసుకుపోయింది ఆ విరేచనాలే, నా కషాయం కాదు.

ముష్టి పట్ట కాచి నేనే చంపానన్న వాళ్లలో ఇక్కడ ఎవరూ మిగల్లేదు. అందరూ నీ దగ్గరికే వచ్చారు. నువ్వే చెప్పాలి: నాతో మాట మానేసి పోయిన మీ నాన్నకు, మీ అమ్మకు, విస్సన్నపేట పెద్దొదినకు, ఎ.కొండూరు బావకు, మా అమ్మకు కూడా.