ఓడాల్రిక్ రాజు చావు

లోపల మళ్ళీ నవ్వు లేచింది. తలుపు మూసి ఉన్నా వసారా చెక్కలు అదిరాయి.

ఎవర్ట్ బల్లమీంచి లేచి నాలుగడుగులు వేసి, తిరిగి కూలబడ్డాడు. ఆ నాటకశాలలో ఈ ప్రహసనం ఆడినంతసేపూ గడప తొక్కనని ఊరంతా వినేలా ఒట్టేశాడు. పోనీ ఇంట్లో ఉందామంటే కాలు నిలవలేదు. ఆగ్నేయపు గాలి కేప్ టౌన్ వీధుల్లోని ఇసుకంతా పోగుచేసి తెచ్చి అతని కళ్ళల్లోనే కొడుతోంది.

'ఓడాల్రిక్ రాజు మరణం' అతను ఏళ్ళ తరబడి రాసిన విషాద నాటకం. డచ్చి భాషలో ఇంత బరువైన నాటకం ఈ కేప్‌లో ఇంతవరకు రాలేదని ముందుమాటలో తనే రాసుకుని, అచ్చు వేయించి, ఊళ్ళో పెద్దలందరికీ పంచాడు. ఎవరూ చదివిన దాఖలా లేదు. అయినా వచ్చే నెల గవర్నరుగారి ఎదుట ఆడిస్తామని నాటక సమాజం మాటిచ్చింది. ఈలోగా ప్రహసనాలు కట్టి ఆడే బారెంట్ ఊరి గోడలన్నిటికీ కాగితాలు అంటించాడు. 'ఓడాల్రిక్ రాజు చావు. కడుపుబ్బ నవ్వించే ప్రహసనం.'

బారెంట్‌కి అది అలవాటే. నిరుడు ఒకాయన రాసిన నాటకంలోని మహారాణిని చేపలమ్మేదాన్ని చేసి, రేవులో బేరాలాడించాడు. ఆ రాసినాయన మళ్ళీ కలం పట్టలేదు.

తలుపు తెరుచుకుని సిబెల్లా బయటికొచ్చింది. ఎవర్ట్‌కి అక్క. లోపలేం జరుగుతోందో చూసి చెప్పమని అతనే పంపాడు. ఆవిడ చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"ఏడుస్తున్నావా అక్కా?" అన్నాడు ఆశగా.

"లేదురా. నవ్వీ నవ్వీ పక్కలు పట్టేశాయి."

"తోడబుట్టినదానివి. నీకు నవ్వెలా వచ్చింది?"

"ఆపుకుందామనే చూశాన్రా. రాజుకి బాణం తగిలింది, ఇక పోతాడనుకుంటాం. పోడే! పడి, లేచి, చంద్రుడితో మాట్లాడతాడు. మళ్ళీ పడి, మళ్ళీ లేచి, ఈసారి గుర్రంతో."

ఎవర్ట్ ముఖం కందిపోయింది. "నా నాటకంలోనూ చంద్రుడున్నాడు. గుర్రమూ ఉంది. కానీ వింటే గుండె కరిగిపోతుంది. వాడు దాన్ని సాగదీసి సాగదీసి పాడుచేశాడన్నమాట."

"ఏమోరా. నువ్వు చదివి వినిపించినప్పుడల్లా నాకు మొదటి అంకంలోనే కన్ను మూతపడేది."

"రాణినేం చేశాడు?"

"అస్తమానం మూర్ఛపోతుంది."

"నా రాణి కూడా పోతుంది. కానీ ప్రతి మూర్ఛకీ ఓ కారణం ఉంటుంది." అతను పళ్ళు కొరికాడు. "కారణాలన్నీ పీకేసి ఉంటాడు దొంగవెధవ."

"ఇక్కడ కూర్చుని ఇసుక తినే బదులు నువ్వే వచ్చి చూడరాదూ?"

"నేను రాను."

"అయితే నన్ను పోనీ. రాజు ఇంకా పోలేదు." ఆవిడ గబగబా లోపలికెళ్ళిపోయింది.

మరి కాసేపటికి చప్పట్లు మోగాయి, ఎంతకీ ఆగలేదు. జనం బయటికొచ్చారు. ద్రాక్షసారా వ్యాపారి ఒకడు గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆడవాళ్ళ చేతుల్లో రుమాళ్ళు తడిసి ముద్దయ్యాయి. ఇన్నేళ్ళూ ఎవర్ట్ కలగన్నది ఆ తడిసిన రుమాళ్ళనే.

జనం పలచబడగానే ఒట్టు గట్టున పెట్టి తెరవెనక్కి దూసుకెళ్ళాడు. బారెంట్ సింహాసనం మీద కూర్చుని, రాజుగారి గడ్డం ఊడదీసుకుంటున్నాడు. గెలిచినవాడిలా లేడు.

"రావయ్యా, కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. రేపు నిన్ను కోర్టుకీడుస్తున్నాను. నా రక్తం పోసి రాసుకున్నాను దాన్ని. నీ వెకిలితనమంతా దానికి పులిమావు. ఇక గవర్నరుగారి ముందు రాజు చచ్చిపోతుంటే ఎవడేడుస్తాడు?"

బారెంట్ గడ్డాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "నీ పుస్తకం ముందేసుకుని వారాల తరబడి కూర్చున్నాను ఎవర్ట్. వెటకారం చేద్దామంటే చెయ్యాడలేదు. ఒక్క పేజీ రాయలేకపోయాను."

ఎవర్ట్ గొంతు కాస్త తగ్గింది. "అంటే, గొప్పగా ఉందని ఒప్పుకుంటున్నావా?"

"అప్పటికే కాగితాలు అంటించేశాను. వేషగాళ్ళొచ్చి కూర్చున్నారు. వాళ్ళకివ్వడానికి నా దగ్గరేమీ లేదు."

"మరి ఇవాళ ఆడిందేమిటి?"

బారెంట్ అతని కళ్ళల్లోకి చూడలేక నేల చూపులు చూశాడు.

"నీ నాటకమే, అక్షరం పొల్లుపోకుండా."