గుండీలు

"నువ్వాగమ్మా, ఆయన్నే విప్పుకోనియ్యి" అన్నాడు డాక్టరు.

భర్త శాంతికుమార్ చొక్కా మీదికి చాచిన చేతిని స్తుతి నవ్వుతూ వెనక్కి తీసుకుంది. "పెండ్లయి మూడు నెలలే సార్. ఈయనకు గుండీలు పెట్టేది, తీసేది నేనే. గారాలు పోతడు."

ఆరేళ్ల కింద ములకలపల్లి అడవి దారిలో ట్రాక్టరు బోల్తాపడి అతని మెడ విరిగితే, ప్లేటు వేసి ఎముకలు కలిపేశారు. మెడ తిరగదు గానీ మిగతాదంతా బాగేనని పెళ్లిచూపుల్లో చెప్పారు.

అతని వేళ్లు మొదటి గుండీని తడుముకున్నాయి. జారిపోయాయి. మళ్లీ తడుముకున్నాయి. గుండీ ఊడలేదు.

స్తుతి నవ్వు ఆగిపోయింది.

డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టాడు. "ప్లేటుకు పైనున్న కీలు అరిగి నరాన్ని నొక్కుతోంది. మళ్లీ ఆపరేషన్ చేసినా పోయిన పట్టు తిరిగిరాదు. ఉన్నది నిలిస్తే అదే ఎక్కువ."

"ఎప్పటిసంది గిట్ల?" స్తుతి మెల్లగా భర్తను అడిగింది.

అతను తల దించుకోబోయాడు. మెడ వంగలేదు. ఆమె ముఖంలోకి చూస్తూనే చెప్పాల్సి వచ్చింది.

"మన పెండ్లినాడు మూడు ముళ్లూ మా అక్కనే వేసింది గదా. ఆడబిడ్డ ముచ్చటనుకున్నవ్ నువ్వు."